పురీటా ఆంటీ అసంతృప్తి

హీలో అనే దీవి పట్టణంలో ఒక చిన్నపిల్లల బడి వంటింట్లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన పురీటా తనిగావాకి ఒక్కటే లోపం. ఇద్దరికి వండటం రాదు.

ఆరువందల నలభై మంది పిల్లలకి పదకొండు కొట్టేసరికల్లా అన్నమూ కూరా పొయ్యి మీంచి దించిన చెయ్యి అది. ఆ చేతికి ఒక గ్లాసు బియ్యం కొలవమంటే ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. తగ్గించి వండుదామనే పొయ్యి వెలిగించేది. తీరా మూత తీసి చూస్తే గిన్నె అంచుదాకా ఉండేది. సోమవారం మొదలైన బీఫ్ కూర శుక్రవారం దాకా నడిచేది. ఆమె భర్త హిసావో కౌంటీ రోడ్ల పనిలో తారు పోసి, గుంటలు పూడ్చి రిటైరైన మనిషి. దేనికీ విసుక్కునే రకం కాదు. పెళ్లయిన కొత్తల్లో "ఇవాళేం కూర?" అని అడిగేవాడు. ఆమె రిటైరైన రెండో నెలకి ఆ ప్రశ్న మార్చుకున్నాడు. "ఇంకెన్ని రోజులుంది?" అని అడిగేవాడు.

పురీటా నాలుగడుగుల పది అంగుళాల మనిషి. గొంతు మాత్రం ఆరడుగులు. పెపేకెయో చెరకు తోటల కూలీల లైన్ల ఇళ్లలో పుట్టి, తొమ్మిదిమంది పిల్లల్లో ఏడోదానిగా పెరిగింది. అంతమందిలో తన వాటా తనకి దక్కాలంటే నోరు ఉండాలని మూడేళ్లకే గ్రహించింది. ఊళ్లో నలభై ఏళ్లలోపు వాళ్లలో సగంమంది ఆమె చేతి అన్నం తిన్నవాళ్లే. అందుకని ఆమె బజార్లో నడుస్తుంటే గడ్డాలొచ్చిన మగాళ్లు కూడా చొక్కాలు సర్దుకుని "ఆంటీ" అంటూ పక్కకి తప్పుకునేవాళ్లు.

ఆమెకి ఊళ్లో భయపడేవాళ్లున్నారు గానీ, ఇంట్లో ఒక శత్రువు ఉంది. హిసావో చెల్లెలు ఫ్లోరెన్స్.

ఫ్లోరెన్స్‌కి గోడౌన్ కొట్టు కార్డు ఉంది. గొడవంతా అక్కడే.

ఏటా రుసుము కట్టి కార్డు తీసుకున్న మెంబర్లకే పెద్ద పెద్ద కట్టల్లో సరుకు అమ్మే ఆ కొట్టు కోనాలో ఉంది. కోనా అంటే దీవికి అటు కొస. మధ్యలో రెండు కొండలు, వాటి నడుమ రోడ్డు. గంటన్నర ప్రయాణం, మబ్బు దిగితే రెండు గంటలు. ఫ్లోరెన్స్ నెలకోసారి తన ఎర్ర పికప్ ట్రక్కులో నాలుగు ఐసు పెట్టెలు వేసుకుని కొండ దాటి వెళ్లేది. సాయంత్రం వచ్చి, దిగకముందే అన్నయ్య ఇంటి ముందు హారన్ కొట్టేది. బ్యాంకులో కౌంటర్ దగ్గర పాతికేళ్లు కూర్చున్న మనిషి కదా, ఇచ్చేది ఏదైనా లెక్కపెట్టి, పైకి చదివి మరీ ఇచ్చేది.

"ఇదిగో వదినా, టాయిలెట్ పేపర్, నాలుగు చుట్టలు. డబ్బులేం వద్దులే. ముప్ఫై చుట్టల కట్ట. నాకు నాలుగు తగ్గితే వచ్చిన నష్టమేం లేదు."

ట్రక్కు వీధి మలుపు తిరగ్గానే పురీటా మూతి మూడు వంకర్లు తిరిగేది.

"తలుపు దగ్గరే అరవై డాలర్లు కట్టాలంట! ఎందుకయ్యా? లోపలికెళ్లి ఇంకా ఖర్చు పెట్టుకునే భాగ్యం కోసం! సర్కస్‌కి టికెట్టు కొంటే కనీసం ఏనుగన్నా కనబడుతుంది. బియ్యం బస్తా చూడ్డానికి టికెట్టేంటి?"

"అక్కడన్నీ పెద్ద పెద్ద సైజులంట," అన్నాడు హిసావో. నీకు సరిపోతుంది అన్న ముక్క మాత్రం మింగేశాడు.

ఇలా నడుస్తుండగా ఒక సెప్టెంబరులో, రేవులో కూలీలు సమ్మె కడతారని పుకారు పుట్టింది. ఓడలు ఆగితే దీవికి ఏదీ రాదు. అంతే, మధ్యాహ్నానికి హీలోలో ఏ కొట్లోనూ బియ్యం లేదు, మాంసం డబ్బాలు లేవు, టాయిలెట్ పేపర్ అసలే లేదు. పురీటా ఐదు కొట్లు తిరిగి, చివరికి కాగితపు నాప్కిన్ల ప్యాకెట్టు ఒకటి పట్టుకొచ్చింది. దాని మీద క్రిస్మస్ చెట్లు అచ్చేసి ఉన్నాయి.

ఆ గురువారం పురీటా వాళ్ల కారు షెడ్డులో ఎప్పట్లాగే పేకాట. ఏడుగురు ఆడవాళ్లు, మధ్యలో వేయించిన చేపముక్కల పళ్లెం. ఫ్లోరెన్స్ ఆలస్యంగా వచ్చింది. వస్తూ వస్తూ పన్నెండు చుట్టల కట్టొకటి నెత్తి మీదకెత్తి, పేకల మధ్యలో ధబీమని పడేసింది.

"తీసుకో వదినా, మొహమాటపడకు. మా అన్నయ్య క్రిస్మస్ చెట్లతో అవస్థ పడుతున్నాడని విన్నాను."

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. పురీటాకి తల కొట్టేసినట్టయింది. చేతిలో మంచి పేకలున్నా ఆ ఆట ఓడిపోయింది. ఆ చెట్ల సంగతి బయటపెట్టింది హిసావోయేనని వేరే చెప్పాలా? ఆ రాత్రి ఆయనకి సోమవారం కూర చల్లగానే వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే ఫ్లోరెన్స్‌కి ఫోన్ చేసింది.

"ఈసారి కోనా వెళ్లేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్లు. ఊరికే చూడ్డానికి. కొనడానికి కాదు."

"అయ్యో, దానికేం భాగ్యం వదినా! మెంబరు వెంట ఇద్దరు గెస్టులు రావచ్చు," అంది ఫ్లోరెన్స్. గెస్టు అన్న మాటని మైసూరుపాకులా నోట్లో కరిగించుకుంటూ అంది.

ఆ ప్రయాణంలో పురీటా నోరు మెదపలేదు. కొండ మీద మబ్బు దిగి, ముందున్న బండి దీపాలు కూడా కనబడకపోయినా మెదపలేదు. అరవై డాలర్లు, పెట్రోలు, ఐసు, సగం రోజు. ఇవి దండగని తేల్చిపారేసి, ఆ మాట గురువారం పేకాటలో అందరి ముందూ చెప్పాలి. ఆమె వెళ్తున్నదే అందుకు.

తీరా లోపల అడుగుపెట్టాక ఏమైందంటే, మూడో వరసలో, నడుము ఎత్తు అరలో, ఆమెకి టమాటా డబ్బా కనబడింది. మామూలు డబ్బా కాదు. ఆరున్నర పౌన్ల డబ్బా. ముప్ఫై ఒక్క ఏళ్లు రోజూ పొద్దున్నే ఆరున్నరకి ఆమె మూత కోసిన డబ్బా అదే. రిటైరయ్యాక హీలో కొట్లలో అరచేతిలో ఇమిడే బుడ్డి డబ్బాలే చూసింది. వాటిని చూసినప్పుడల్లా ఆమెకి బొమ్మలాటలో వంట చేస్తున్నట్టుండేది. ఇప్పుడు చెయ్యి చాచి ఆ పెద్ద డబ్బాని ఎత్తింది. బరువు సరిగ్గా తెలిసిన బరువే. మోచెయ్యి దానంతటదే వంగి, డబ్బాని నడుముకి ఆనించుకుంది.

"అంత పెద్దది నువ్వేం చేసుకుంటావు వదినా, ఇద్దరికి?" అంది ఫ్లోరెన్స్ వెనకనుంచి.

"చూస్తున్నానంతే," అంది పురీటా. డబ్బాని కింద పెట్టడానికి మాత్రం కొంచెం సమయం పట్టింది.

ఆ తర్వాత నూనె డ్రమ్ములు, ఉప్పు బస్తాలు, పంది భుజం మాంసం ముద్దలు, ఒక్కోటి పసిపిల్లంత. ఆమె ఒక్కొక్కదాని ముందూ ఆగింది. ఎంతమందికి వస్తుందో పెదాలు కదిపి చూసుకుంది. ఇది నూట ఇరవైకి. ఇది ఎనభైకి, పెద్ద తరగతి పిల్లలైతే అరవైకే. పైకి మాత్రం "ప్లాస్టిక్ ఎక్కువ" అనీ, "లైట్లు కళ్లలో పడుతున్నాయి" అనీ సణుగుతూనే ఉంది.

అంతా చూశాక, వట్టి చేతులతో వెళ్లడం బాగోదని ఒక్క బియ్యం బస్తా తీసుకుంది. డబ్బు తీయబోతే బిల్లు దగ్గరి అమ్మాయి తల అడ్డంగా ఊపింది. మెంబర్ల నుంచే తీసుకుంటారట.

"నా కార్డు మీద కొట్టమ్మా," అంది ఫ్లోరెన్స్, వెనక లైన్లో ఉన్న పదిమందికీ వినబడేలా. "ఈవిడ నా గెస్టు. పాపం, కార్డు లేదు."

పురీటా పక్కకి జరిగి గోడకేసి నిలబడింది. ఆమెకొక అలవాటుంది. గోడ మీద ఏది అంటించినా చదువుతుంది. హెల్త్ ఇన్‌స్పెక్టర్లు ఏ కాగితం ఎక్కడ అంటించి పట్టుకుంటారోనని బడిలో పడిన అలవాటు. అక్కడ గోడ మీద పెద్దక్షరాలతో ఒక బోర్డు ఉంది. మీ సభ్యత్వం మీకు సంతృప్తి ఇవ్వకపోతే, గడువులోగా ఎప్పుడడిగినా కట్టిన రుసుము మొత్తం తిరిగి ఇచ్చేస్తాం అని.

పురీటా దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి "ఎప్పుడడిగినా" అన్న మాట ఒక్కటే చదివింది.

తిరుగు ప్రయాణంలో ఆమె కూనిరాగం తీస్తుంటే ఫ్లోరెన్స్‌కి అనుమానం వచ్చింది గానీ ఎందుకో అంతుపట్టలేదు.

ఇంటికొచ్చాక హిసావోని కూర్చోబెట్టి చెప్పింది. "కార్డు తీసుకుందాం. ఏడాదంతా వాడుకుందాం. ఆఖరి వారంలో వెళ్లి, నాకు సంతృప్తి లేదు, నా అరవై నాకిచ్చెయ్యండి అందాం."

హిసావో చాలాసేపు టీవీకేసి చూశాడు. టీవీ పెట్టి లేదు.

"అది మోసం కదా పురీటా?"

"మోసమేంటి? వాళ్లే గోడ మీద రాసుకున్నారు. అసంతృప్తి పడటం నా హక్కు."

"ఏడాది వాడాక అసంతృప్తి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"వెతుకుతాను," అంది పురీటా. "ఏడాదుందిగా."

అలా పురీటా మెంబరైంది. హిసావోకి కూడా అదే సభ్యత్వం మీద ఒక కార్డిచ్చారు. ఫొటోలో ఆయన తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉన్నాడు.

ఆ ఏడాది సంగతి ఆ వీధినడిగితే చెబుతుంది. మొదటి నెలలోనే షెడ్డులోకి ఒక పెద్ద ఫ్రీజరు వచ్చింది. హిసావో గాలపు కర్రలు ఇంటి వెనక్కి జరిగాయి. ఆరున్నర పౌన్ల డబ్బా కోస్తే ఇద్దరు తినేది కాదు కదా, మరి తినేవాళ్లని పిలవాలి. పక్కింటివాళ్లకి పంపింది. ఎదురింట్లో బాలింత ఉంటే మూడు వారాలు వాళ్లింట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఏడుపుల కంటే ముందు పురీటా అల్యూమినియం ట్రేలు చేరేవి. సముద్రం ఒడ్డున పడవ పందేల క్లబ్బుంది. హిసావో కుర్రతనంలో అక్కడ తెడ్డు వేసేవాడు. పందెం రోజుల్లో వాళ్ల భోజనాలకి బయటివాళ్లతో వండించుకునేవాళ్లు. "ఆ చప్పిడి తిండి తిని తెడ్లెలా వేస్తార్రా?" అని అడిగి, వాళ్ల వంట తన నెత్తినేసుకుంది. సరుకుల డబ్బు వాళ్లిచ్చేవాళ్లు. చెయ్యి మాత్రం ఈవిడది.

అన్నిటికన్నా పెద్ద విశేషం హిసావోకి జరిగింది. సోమవారం కూర సోమవారమే అయిపోవడం మొదలైంది. మంగళవారం ఇంకో కూర! మొదట్లో ఆయన నమ్మలేక గిన్నె మూత తీసి చూసేవాడు.

నెలకి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు కోనా. వెళ్లే ముందు వీధి వీధంతా చీటీలు తెచ్చిచ్చేది. ఫ్లోరెన్స్ ట్రక్కు హారన్ ఆ వీధిలో వినబడటం తగ్గిపోయింది. ఒక గురువారం పేకాటలో పురీటా పన్నెండు చుట్టల కట్టొకటి తెచ్చి ఆడపడుచు ఒళ్లో పెట్టింది.

"ఉంచుకో ఫ్లోరెన్స్. డబ్బులేం వద్దులే."

ఫ్లోరెన్స్ ఆ కట్టకేసి, వదినకేసి చూసి, "నా దగ్గర ఉన్నాయి" అంది. "ఉంటే మాత్రం, నాలుగు ఎక్కువైతే వచ్చిన నష్టమేం లేదు" అంది పురీటా.

ఇంత జరుగుతున్నా అసంతృప్తి వెతకడం మానలేదు ఆమె. దొరక్కపోవడమే చిక్కైపోయింది. హిసావో అప్పుడప్పుడు అడిగేవాడు.

"ఏమైనా దొరికిందా?"

"రుచి చూడమని ఇచ్చే ముక్కలు చిన్నవి. మా బడిలో నేనలా వడ్డిస్తే రెండో తరగతి పిల్లలే తిరగబడేవాళ్లు."

"నువ్వు నాలుగు తిన్నావు."

"చిన్నవి కాబట్టే నాలుగు తిన్నాను."

క్రిస్మస్ నాటికి ఇంకొకటి దొరికింది. మఫిన్లలో చక్కెర ఎక్కువ. ఈస్టరు దాటేసరికి ఆ మఫిన్లు పక్కింటి పిల్లలకి తెగ నచ్చడంతో అదీ చెయ్యిజారిపోయింది. ఆగస్టులో ఒక రోజు బండి పెట్టుకోవడానికి ఎండలో పావుగంట తిరగాల్సొచ్చింది. "ఇది పనికొస్తుంది" అని పురీటా సంబరపడింది.

గడువు తీరడానికి నాలుగు రోజులుందనగా ఇద్దరూ కొండ దాటారు. ఆ శనివారమే క్లబ్బు వాళ్ల ఆఖరి పందెం. ఎనభై మందికి భోజనాలు. పథకం పురీటా దారిలోనే చెప్పింది. ఇద్దరూ కలిసి తిరిగితే ఆలస్యం. చీటీ పట్టుకుని హిసావో సరుకులన్నీ బండిలో వేసుకుని, బిల్లు కట్టేసి, తలుపు దగ్గరికి రావాలి. ఆమె ఈలోగా మంచం పరుపులవీ చూసుకుని, నలభై నిమిషాలు లెక్కపెట్టుకుని, అప్పుడు మెంబర్ల కౌంటరుకి వెళ్లి డబ్బు అడుగుతుంది.

"నలభై నిమిషాల్లో నువ్వు బిల్లు కట్టేసి ఉండాలి. తెలిసిందా?"

"తెలిసింది," అన్నాడు హిసావో. ఆయన మాట మీద నిలబడే మనిషే. కాకపోతే ఆ రోజు చేపల దగ్గర నువ్వులూ సోయా కలిపిన పచ్చి ట్యూనా రుచి చూపిస్తున్నారు.

సరిగ్గా నలభై ఒకటో నిమిషంలో పురీటా కౌంటరు ముందు నిలబడింది. అవతల గడ్డం పెంచి, భుజాలు తలుపంత వెడల్పున్న ఒక మనిషి కంప్యూటర్లో ఏదో చూస్తున్నాడు. ఆమె తన కార్డుని బల్ల మీద పెట్టి, దారంతా వల్లెవేసిన మాట మొదలుపెట్టింది.

"చూడు బాబూ, నాకు ఈ సభ్యత్వంతో సంతృప్తి లేదు."

ఆ మనిషి తలెత్తాడు. ముఖం చేటంతైంది.

"పురీటా ఆంటీ! నేను ఆంటీ, నైనోవాని! మూడో తరగతిలో ట్రే పడేసి ఏడిస్తే మీరే కొత్త ట్రే ఇచ్చారు!"

ఇంకెవరైనా అయితే ఆమె మాట తడబడేది కాదు. తన అన్నం తిన్న పిల్లాడి ముఖంలోకి చూసి అబద్ధమాడటం ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. వాళ్లాడే అబద్ధాలు పట్టుకోవడమే ఆమె పని.

"ఆ, నైనోవా. బాగా లావయ్యావు. సరే గానీ, నా డబ్బు నాకిచ్చెయ్."

"తప్పకుండా ఆంటీ. రూలే కదా. కారణం అని ఇక్కడొక గడి ఉంది, అందులో ఏదో ఒకటి రాయాలి. ఏం రాయమంటారు?"

"ఎండలో బండి పెట్టుకోవడానికి చోటు దొరకలేదు."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

నైనోవా తెరకేసి చూసి, గడ్డంలోంచి నవ్వాడు. "మీరు ఏడాదిలో ముప్ఫై ఒక్కసార్లు వచ్చారు ఆంటీ. బియ్యమే మూడు వేల పౌన్లు కొన్నారు. అసంతృప్తి పడ్డానికి ముప్ఫై ఒక్కసార్లు కొండ దాటారా?"

"నచ్చుతుందేమో, ఇంకోసారి చూద్దాం అని వచ్చాను."

"బడిలో మేము రెండోసారి ప్లేటు పట్టుకొచ్చి, క్యాబేజీ బాగోలేదంటే మీరేమనేవారో గుర్తుందా? 'నాకి నాకి అద్దంలా చేసుకొచ్చావు కదరా, బాగోలేక నాకావా?' అనేవారు."

ఆమె పెట్టిన ప్రశ్నే, ఆమె గొంతుతోనే, చేతులు నడుం మీద పెట్టుకుని మరీ అన్నాడు. పక్క కౌంటర్లో అమ్మాయి ముఖం కాగితాల వెనక దాచుకుంది. కానీ తలుపుదాకా వచ్చి వెనక్కి తిరగడం పురీటా ఒంట్లో లేదు.

"రాయి. మఫిన్లలో చక్కెర ఎక్కువ."

"రాశాను ఆంటీ," అన్నాడు నైనోవా గంభీరంగా. రెండు మీటలు నొక్కి, మూడు ఇరవై డాలర్ల నోట్లు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. కార్డు తీసుకుని రెండు ముక్కలు చేశాడు.

ఆమె ఆ నోట్లు పట్టుకుని నాలుగడుగులు వేసింది. గెలిచినట్టుండాలి. కానీ చేతిలో మూడు నోట్లు మరీ పల్చగా అనిపించాయి. శనివారం తర్వాత ఎదురింటామె చంటిదానికి పుట్టినరోజుంది. నవంబరులో క్లబ్బు వాళ్ల విందుంది. ఆ డబ్బాలు ఎవరి కార్డు మీద వస్తాయి? అని ఆలోచిస్తుండగా బిల్లుల వైపు నుంచి ఏదో కీచుమని మోగింది. ఇంకోసారి మోగింది. ఆ మోతల మధ్య ఆమెకి బాగా తెలిసిన గొంతు, నెమ్మదిగా, స్పష్టంగా, నిజాయితీగా వినబడింది.

"కార్డు బానే ఉందమ్మా. మా ఆవిడ ఇప్పుడే అసంతృప్తి పడింది."

లైను లైనంతా గొల్లున నవ్వింది.

పురీటా పరుగెత్తుకెళ్లి చూసేసరికి, హిసావో ముందు కొండంత బండి. రెండు యాభై పౌన్ల బియ్యం బస్తాలు, పసిపిల్లల్లాంటి నాలుగు మాంసం ముద్దలు, నూనె డ్రమ్ము, క్యాబేజీలు. ఆయన నోటి పక్కన నువ్వు గింజ ఒకటి అంటుకుని ఉంది.

"ఇంకా బిల్లు కట్టలేదా?" అంది, పళ్ల మధ్యనుంచి.

"ట్యూనా బావుంది," అన్నాడు హిసావో.

సరిగ్గా అప్పుడే, వెనక మూడో బండి పక్కనుంచి ఒక చెయ్యి పైకి లేచింది. ఆ చేతిలో ఒక కార్డు, ఆ కార్డు వెనక వెలిగిపోతున్న ముఖం.

"అన్నయ్యా! నేనుండగా నీకెందుకు బెంగ? అమ్మాయ్, ఆ సరుకంతా నా కార్డు మీద కొట్టెయ్. వాళ్లు నా గెస్టులు!"

ఫ్లోరెన్స్ ఏ బంగారు ఘడియ కోసమైతే ఏడాదిగా కాచుకుని ఉందో ఆ ఘడియ వచ్చేసింది. పురీటా కళ్ల ముందు గురువారం పేకాట మెదిలింది. ఏడుగురు ఆడవాళ్లు, చేపముక్కలు, పాపం మా వదిన.

"ఎవరూ ఏదీ కొట్టొద్దు!" అని ఆమె వేసిన కేకకి మాంసం కొట్టేవాడు కూడా ఆగాడు. బడిలో ఆరువందల నలభై మందిని ఒక్కసారిగా కూర్చోబెట్టిన కేక అది. లైన్లో ఉన్న హీలో వాళ్లలో ఇద్దరు నిజంగానే చేతులు కట్టుకున్నారు.

ఆమె వెనక్కి పరుగెత్తింది. డెబ్భై ఏళ్ల మనిషి ఎన్నాళ్ల తర్వాతో అలా పరుగెత్తి, కౌంటరు పట్టుకుని ఆగింది.

"నైనోవా! కార్డు! ఇంకో కార్డు!"

"సంతృప్తి కలిగిందా ఆంటీ?"

"వాగకుండా తియ్యరా!"

ఆమె మూడు నోట్లు బల్ల మీద పడేసింది. నైనోవా వాటిని తీసుకోకుండా ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"ఆంటీ, మీది పాత రేటు. గడువులోపు రెన్యూ చేసుంటే అరవయ్యే. కొత్తగా చేరేవాళ్లకి ఈ నెల నుంచి అరవై ఐదు."

పురీటా అతన్ని చూసిన చూపుకి అతని గడ్డం కూడా ముడుచుకుపోయినట్టయింది. కానీ అవతల ఫ్లోరెన్స్ కార్డు ఇంకా గాల్లోనే ఉంది. పర్సులోంచి ఐదు డాలర్ల నోటు తీసి, ఆ మూడింటి మీద పెట్టింది.

"ఇక్కడ చూడండి ఆంటీ, ఫొటో," అన్నాడతను. ఆమె చూసింది.

కార్డు వచ్చింది. బిల్లు పడింది. ఫ్లోరెన్స్ చెయ్యి మెల్లగా దిగింది.

హిసావో బయట బస్తాలన్నీ బండిలోకి ఎక్కించాడు. ఐసు పెట్టె మూత బిగించాక అడిగాడు.

"అయితే మొత్తమ్మీద మనకి ఐదు డాలర్లు నష్టమా?"

"నీ ట్యూనాకి ఐదు డాలర్లు," అంది పురీటా. కొండ ఎక్కేదాకా ఆయనతో మాట్లాడలేదు. పైన మబ్బులో దారి కనబడక బండి ఆపినప్పుడు మాత్రం ఆమెకి హఠాత్తుగా నవ్వొచ్చింది. "ఇప్పుడే అసంతృప్తి పడిందంట!" అని, ఆయన భుజం మీద ఒక్కటిచ్చి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఎందుకైనా మంచిదని ఆయన కొంచెం ఆగి, ఆ తర్వాత నవ్వాడు.

ఫ్లోరెన్స్ ఆ కథ చెప్పడానికి గురువారం దాకా ఆగాల్సిన పనిలేదనుకుంది. శనివారం పందేల దగ్గర ఎనభై మంది ఉంటారు కదా. చెవులకి ముత్యాలు పెట్టుకుని మరీ వచ్చింది. భోజనాల బల్ల దగ్గర గొంతు సవరించుకుని, "మొన్న కోనాలో ఏం జరిగిందో తెలుసా" అని మొదలెట్టింది.

"తెలుసు," అన్నారు నలుగురు ఒకేసారి. "మఫిన్లలో చక్కెర ఎక్కువ!"

పురీటా ముందురోజు రాత్రి నుంచే ఫోన్లు పట్టుకుని, తన కథ తనే, తన గొంతుతో, హిసావో గొంతుతో, నైనోవా గొంతుతో ఊరంతా చెప్పేసింది. ఫ్లోరెన్స్ గొంతుతో కూడా చెప్పింది. అది అందరికన్నా బాగా వచ్చిందని తర్వాత ఆడపడుచుకి తెలిసింది. కాసేపు ముఖం మాడ్చుకుని కూర్చుంది గానీ, మాంసం ట్రే అయిపోవస్తుంటే లేచి వెళ్లి తన వాటా తెచ్చుకుంది.

ఆ తర్వాత ఆరేళ్లయింది. పురీటా మళ్లీ ఎప్పుడూ డబ్బు వెనక్కి అడగలేదు. గడువుకి నెల ముందే వెళ్లి కట్టేసి వస్తుంది. కార్డు మీద ఫొటో మాత్రం అదే ఉంది. ఊపిరందక, జుట్టు లేచిపోయి, ఎవరినో నమిలి మింగబోతున్న ఒక చిన్న ముసలమ్మ. మార్పిస్తానని నైనోవా నాలుగుసార్లు అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. తలుపు దగ్గర కార్డులు చూసే కొత్త పిల్లలు ఆ ఫొటో చూసి, ఆవిణ్ణి చూసి, మాట్లాడకుండా దారిస్తారు.